ఆ 'కజిన్' ఎవరు?

వేసవి సెలవులకు ఊరెళ్లినప్పుడు "మా కజిన్ కూడా వస్తున్నాడు" అని చెప్పి చూడండి. నానమ్మ అంతటితో ఊరుకోదు. "కజినంటే ఎవర్రా? పెదనాన్న కొడుకా, మేనత్త కొడుకా?" అని అడుగుతుంది. ఆవిడ అడిగినదాంట్లో న్యాయముంది. పెదనాన్న కొడుకైతే అన్నయ్యో తమ్ముడో అవుతాడు. పెద్దమ్మ కొడుకైనా, పిన్ని కొడుకైనా అంతే. మేనమామ కొడుకో మేనత్త కొడుకో అయితే బావ, లేకపోతే బావమరిది. మనకు ఇన్ని వరసలుంటే ఇంగ్లీషులో అందరికీ కలిపి ఒక్క మాటే.

నాలుగు వందల ఏళ్ల క్రితం ఆ ఒక్క మాటా ఇంకా విశాలంగా ఉండేది. షేక్‌స్పియర్ (1564–1616) నాటకాలను మొదటిసారి చదివేవాళ్లు అక్కడే తికమకపడతారు. ఒకడు తన అన్న కొడుకును 'కజిన్' అంటాడు. ఒక ముసలావిడ మనవలను అంటుంది. ఏ చుట్టరికమూ లేదనిపించే ప్రభువును రాజు అంటాడు. అచ్చుతప్పు కాదు గదా అని మనకు అనుమానం వస్తుంది. అచ్చుతప్పు కాదు. ఆ రోజుల్లో ఆ మాట తీరే అంత.

ఈ మాటకు మూలం లాటిన్‌లో ఉంది. అక్కడ దానికి తల్లి అక్కచెల్లెళ్ల పిల్లలు అని అర్థం. అంటే మొదట్లో అది మన వరసల్లాగే కచ్చితమైన మాట. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చేసరికి పరిధి పెరిగింది. సొంత తోబుట్టువులు, కన్న పిల్లలు కాక మిగతా రక్తసంబంధీకులెవరినైనా అలా పిలవవచ్చు.

ముందు కుటుంబాల్లో చూద్దాం. 'రోమియో అండ్ జూలియెట్'లో జూలియెట్ తల్లి టిబాల్ట్ శవాన్ని చూసి కజిన్ అని ఏడుస్తుంది. ఆ వెంటనే తన అన్నదమ్ముడి బిడ్డ అని కూడా అంటుంది. అంటే మేనల్లుడన్నమాట. 'ట్వెల్ఫ్త్ నైట్'లో సర్ టోబీ ఒలీవియాను వరస ప్రకారం అన్న కూతురిలా చెప్పుకుంటాడు. తాగి తూలుతూ వచ్చిన ఆ పెద్దమనిషిని ఒలీవియా కజిన్ అనే పిలుస్తుంది. 'రిచర్డ్ ది థర్డ్'లో యార్క్ డచెస్ తండ్రి లేని మనవలను దగ్గరకు తీసుకుని అదే మాట వాడుతుంది. పైతరం, కింది తరం, ఆడ, మగ అన్న తేడా లేదు. ముద్దుగా 'కజ్' అని కుదించడమూ ఉంది. 'యాజ్ యు లైక్ ఇట్'లో సీలియా, రోజలిండ్‌ల మధ్య ఈ పొట్టి పిలుపు తరచుగా వినిపిస్తుంది. వాళ్లిద్దరూ అన్నదమ్ముల పిల్లలు, ప్రాణస్నేహితులు.

రెండోది మర్యాద. ఇంగ్లండు రాజులు పెద్ద పెద్ద ప్రభువులను కజిన్ అని సంబోధించడం ఆచారం. చుట్టరికం ఉందా లేదా అని ఎవరూ ఆరా తీయరు. 'నువ్వు నా వాడివి' అని రాజు నలుగురిలో చెప్పడమే అందులోని అర్థం. 'హెన్రీ ది ఫిఫ్త్'లో 1415 నాటి అజెన్‌కూర్ యుద్ధం గెలిచాక హెన్రీ ఫ్రాన్సు రాజకుమారి కేథరిన్‌ను పెళ్లాడాలనుకుంటాడు. సంధి మాటలు జరుగుతుంటే ఆమెను అందరి ముందూ కజిన్ అంటూ, కాసేపు తనతో మాట్లాడనివ్వమని అడుగుతాడు. దీన్ని తెలుగులోకి తేవాలంటే 'మరదలు' అని రాయాలనిపిస్తుంది. కానీ రాస్తే సభ అంతా నవ్వుతుంది. మన మాటలో ఉన్న సరసం ఆ మాటలో లేదు. ఉన్నదల్లా రాచమర్యాద.

మూడోదే అసలు విషయం. ఆ మాటలో ఆప్యాయత ఉంది కాబట్టే దాన్ని ముసుగుగా కూడా వాడుకోవచ్చు.

హామ్లెట్ తండ్రిని చంపి రాజైన క్లాడియస్ వదినగారినే పెళ్లాడాడు. నిండు సభలో హామ్లెట్‌ను కజిన్ అంటాడు, కొడుకు అని కూడా అంటాడు. లెక్క ప్రకారం రెండూ నిజమే. అన్న కొడుకు, ఇప్పుడు భార్య కొడుకు. కానీ ఆ నాటకంలో హామ్లెట్ నోట వచ్చే మొట్టమొదటి మాట దీనికి చురకే. చుట్టరికం పెరిగింది గానీ ప్రేమ లేదన్నది దాని సారం.

'యాజ్ యు లైక్ ఇట్'లో ఫ్రెడరిక్ ప్రభువు అన్నను వెళ్లగొట్టి గద్దె ఎక్కాడు. కొన్నాళ్లకు అన్న కూతురు రోజలిండ్‌ను కూడా పొమ్మంటాడు. ఆ పిల్ల నమ్మలేక, నన్నా అన్నట్టుగా బాబాయిని అడుగుతుంది. నిన్నేనంటూ ఆమెను కజిన్ అనే పిలుస్తాడు. ఈ పది రోజుల్లో కోటకు ఇరవై మైళ్లలోపు కనిపిస్తే మరణశిక్ష అని అదే ఊపిరిలో చెబుతాడు. చుట్టరికపు పిలుపు, చావు బెదిరింపు పక్కపక్కనే ఉన్నాయి.

'రిచర్డ్ ది సెకండ్'లో రాజు రిచర్డ్, అతని సింహాసనం లాక్కుంటున్న బోలింగ్‌బ్రోక్ ఇద్దరూ మూడో ఎడ్వర్డ్ మనవలు, అన్నదమ్ముల పిల్లలు. 1399లో రిచర్డ్‌ను గద్దె దించారు. నాటకంలో ఆ సభలో రిచర్డ్ కిరీటం చేత్తో పట్టుకుని, కజిన్ అని పిలిచి, రెండో వైపు పట్టుకోమంటాడు. ఒకే కిరీటం మీద ఇద్దరి చేతులు. ఇక్కడ ఆ మాట నిజమైన బంధుత్వమే. అందుకే అది వెటకారంగానూ వినిపిస్తుంది, గుండె కోతగానూ వినిపిస్తుంది.

అన్నిటికంటే పదునైన సన్నివేశం 'రిచర్డ్ ది థర్డ్'లో ఉంది. 1483లో నాలుగో ఎడ్వర్డ్ చనిపోయాక అతని ఇద్దరు కొడుకులను లండన్ టవర్‌లో ఉంచారు. తర్వాత వాళ్లేమయ్యారో చరిత్రకారులు ఇప్పటికీ తేల్చలేదు. నాటకంలో మాత్రం బాబాయి రిచర్డే చంపిస్తాడు. ఆ పైన ఆ పిల్లల తల్లి ఎలిజబెత్ దగ్గరకే వచ్చి, చనిపోయిన పిల్లలను ఏ జంకూ లేకుండా కజిన్స్ అంటాడు. అప్పట్లో దాదాపు అదే ఉచ్చారణతో మరో మాట ఉండేది. దాని అర్థం మోసగించడం. ఎలిజబెత్ ఆ రెంటినీ కలిపి తిప్పికొడుతుంది. ఆ పిల్లలు కజిన్సేననీ, సొంత బాబాయి చేతిలోనే రాజ్యం, బంధువులు, స్వేచ్ఛ, ప్రాణం అన్నీ మోసపోయారనీ అంటుంది. ఒక తల్లి దగ్గర సైన్యం లేదు, కోట లేదు. శత్రువు వాడిన మాటే ఆమె చేతికి ఆయుధమైంది.

కాబట్టి పాత ఇంగ్లీషు నాటకం చదివేటప్పుడు ఈ మాట తగిలితే వరస దగ్గరే ఆగిపోకండి. మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు ఎవరితో అంటున్నారు? ఆ సమయంలో పక్కన ఎవరున్నారు? అన్నవాళ్లకు ఎదుటివాళ్ల నుంచి ఏం కావాలి? అప్పుడు అది ముద్దో, మర్యాదో, ముసుగో తెలిసిపోతుంది.

ఈ ప్రశ్నలు మనకు కొత్తేమీ కాదు. నాన్నకో అమ్మకో బదిలీ అయిన ప్రతిసారీ కొత్త క్వార్టర్స్‌లో పక్కింటివాళ్లు మనకు అంకుల్, ఆంటీ అయిపోతారు. వాళ్లలో కొందరు మనకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంటారు. కొందరికి అది పిలుపు మాత్రమే. రెండు నెలలు గడిచేసరికి ఎవరు ఏ రకమో మనకు తెలిసిపోతుంది. పిలుపు వినీ కాదు, ఆ పిలుపు వెనక వాళ్లేం చేశారో చూసి. షేక్‌స్పియర్ పాత్రలను కూడా అలాగే చూడాలి.