కప్‌కేక్‌కు క్షమాభిక్ష: బడి చిరుతిళ్ల నిబంధనలపై అమెరికాలో ఆగ్రహం ఎందుకు?

2015 జనవరిలో టెక్సస్ రాష్ట్ర వ్యవసాయ కమిషనర్‌గా బాధ్యతలు చేపట్టిన సిడ్ మిల్లర్, పదవిలోకి రాగానే కప్‌కేక్‌లకు ‘క్షమాభిక్ష’ ప్రకటించారు. ఆ రాష్ట్రంలో బడి భోజనాల పర్యవేక్షణ వ్యవసాయ శాఖది. పుట్టినరోజున పిల్లలు తోటివారికి పంచుకునే చిన్న కేకుకు ప్రభుత్వం అడ్డు రాదని చాటడం ఆ ప్రకటన ఉద్దేశం. వార్త దేశమంతటా పాకింది. అయితే ఆ కేకు అసలు చెరలోనే లేదు. పుట్టినరోజుకు తల్లిదండ్రులు కప్‌కేక్‌లు తేవడానికి వీలు కల్పిస్తూ టెక్సస్ శాసనసభ 2005లోనే చట్టం చేసింది. అమెరికా సమాఖ్య ప్రభుత్వ నిబంధనలు కూడా ఇంటి నుంచి తెచ్చి పంచే పదార్థాల జోలికి పోవు. లేని నిషేధాన్ని ఎత్తివేస్తే అంత ప్రచారం ఎలా దక్కిందో తెలియాలంటే, ఉన్న నిబంధనలు ఏమిటో చూడాలి.

బడి పిల్లల ఆహారానికి సంబంధించిన చట్టంపై అధ్యక్షుడు బరాక్ ఒబామా 2010 డిసెంబరులో సంతకం చేశారు. ఆయన సతీమణి మిషెల్ ఒబామా దాని కోసం విస్తృతంగా ప్రచారం చేశారు. ఆ చట్టం కింద రూపొందిన చిరుతిళ్ల నిబంధనలు 2014 జూలై 1 నుంచి అమలులోకి వచ్చాయి. అంతకుముందు భోజనశాలలో భోజన సమయంలో శీతల పానీయాల వంటి కొన్నింటి అమ్మకంపై మాత్రమే జాతీయస్థాయిలో ఆంక్ష ఉండేది. నడవాలోని అమ్మకపు యంత్రాన్ని అడిగేవారు లేరు. కొత్త నిబంధనల ప్రకారం ఒక్కో చిరుతిండి 200 కేలరీలు దాటరాదు. కొవ్వు నుంచి వచ్చే కేలరీలు 35 శాతానికి, చక్కెర బరువులో 35 శాతానికి మించరాదు. సోడియం పరిమితి తొలుత 230 మిల్లీగ్రాములు, 2016 జూలై నుంచి 200. అర్ధరాత్రి మొదలు, బడి ముగిసిన అరగంట వరకు ఇవి వర్తిస్తాయి. సాయంత్రపు ఆటల పోటీల వద్ద వెలిసే దుకాణాలకు అడ్డులేదు.

చిక్కు వచ్చినది ‘బేక్ సేల్’ దగ్గర. తల్లిదండ్రులు ఇంట్లో చేసిన కేకులు, కుకీలను బడిలో అమ్మి, బ్యాండు బృందపు దుస్తులకో విహారయాత్ర ఖర్చుకో సొమ్ము కూడబెట్టడం అమెరికాలో పాత ఆనవాయితీ. ప్రభుత్వ నిధులు చాలని బడికి అది ఆదాయమార్గం కూడా. ఆ బల్లపై పెట్టిన ప్రతి వంటకానికీ ఇప్పుడు లెక్క చూపాలి. మన సున్నుండనే తీసుకోండి. మినప్పిండికి ఇంచుమించు సమానంగా బెల్లం, ఆపై నెయ్యి. అక్కడి బడిలో పగటిపూట అమ్మకానికి పెడితే అది చక్కెర లెక్కలోనూ, కొవ్వు లెక్కలోనూ గట్టెక్కడం కష్టం.

మరోవైపు పెద్ద కంపెనీలు ఆ లెక్కను సులభంగా అందుకున్నాయి. డొరిటోస్ వంటి బ్రాండ్లు కొవ్వు తగ్గించి, ముడిధాన్యపు పిండి కలిపి, బడుల కోసమే ప్రత్యేక రకాలు తయారుచేశాయి. పైకి పొట్లం మాత్రం దుకాణంలో దొరికే మామూలు రకానిదేనా అన్నట్టు ఉంటుంది. ఉన్నత పాఠశాలల్లో కేలరీలు లేని డైట్ సోడాకూ అనుమతి లభించింది. ఇంటి పిండివంట తప్పి, కర్మాగారపు పొట్లం నెగ్గిన ఈ తీరే చాలామందికి మింగుడుపడలేదు. పోషకాహార నిపుణుల్లోనూ దీన్ని విమర్శించినవారున్నారు. ఈ అభ్యంతరాన్ని కేవలం రాజకీయమని కొట్టిపారేయడం సరికాదు.

నిజానికి చట్టమే ఒక వెసులుబాటు ఇచ్చింది. నిధుల సేకరణకు ఏడాదిలో ఎన్నిసార్లు మినహాయింపు ఇవ్వాలన్నది రాష్ట్రాలకు వదిలింది. జార్జియా ఏకంగా ఒక్కో బడికి 30 విడతలు, విడతకు మూడు రోజుల చొప్పున అనుమతించింది. అంటే 90 రోజులు. అక్కడ బడి నడిచేది ఏడాదికి 180 రోజులు! టెక్సస్ 2015 జూలైలో బడులలో నూనెలో వేయించే యంత్రాలపై, సోడా యంత్రాలపై ఉన్న రాష్ట్ర నిషేధాన్ని కూడా తొలగించింది. అయితే సమాఖ్య పరిమితులు అలాగే ఉన్నందున, యంత్రం తిరిగి వచ్చినా అందులో వండినది ఆ లెక్కకు లోబడే ఉండాలి.

మన దేశంలో ఈ వ్యవహారం మరో దారిన నడిచింది. బడులలో జంక్ ఫుడ్‌ను నియంత్రించాలంటూ 2010లో దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై ఢిల్లీ హైకోర్టు 2015 మార్చిలో ఆదేశాలిచ్చింది. ఆ తరువాత భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020 సెప్టెంబరులో నిబంధనలను నోటిఫై చేసింది. కొవ్వు, చక్కెర, ఉప్పు అధికంగా ఉన్న పదార్థాలను బడి క్యాంటీన్లలోనూ, బడి గేటుకు 50 మీటర్ల లోపునా పిల్లలకు అమ్మరాదు. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి, సీబీఎస్‌ఈ, 2025 మే నెలలో తన పరిధిలోని బడులు ‘షుగర్ బోర్డులు’ ఏర్పాటు చేయాలని సూచించింది. రోజుకు ఎంత చక్కెర తినవచ్చో, మనం తాగే పానీయాల్లో ఎంత ఉందో పిల్లలకు కంటికి కనిపించేలా చూపే పలకలివి.

అక్కడ గ్రాముల లెక్క, ఇక్కడ మీటర్ల లెక్క. క్యాంటీన్‌ను ప్రధానోపాధ్యాయుడు సరిదిద్దగలడు. గేటు బయటి దారి ఆయన చేతిలో లేదు. ఉప్పుకారం చల్లిన జామకాయ ముక్కలూ, రంగురంగుల చిప్స్ పొట్లాలూ అమ్మేది తరచుగా ఒకే బండి. అందులో ఏది ఉండాలో, ఏది తీయాలో ఆ బండివారికి చెప్పేది ఎవరో, పొట్లాల మీద వచ్చే నాలుగు రూపాయలు పోతే వారి నష్టం పూడ్చేది ఎవరో ఇంకా తేలవలసి ఉంది.