మీకు తెలుసా? గోడెక్కనని మొరాయించే రోబో

ఈతకొలను అడుగున పాకుతూ మట్టీ ఆకులూ ఊడ్చే రోబోను పొడి నేల మీద నడిపి చూడకూడదు. దాని మోటార్లను చల్లబరిచేది చుట్టూ ఉన్న నీరే.

ఇజ్రాయెల్‌లోని ఒక కిబ్బుట్జ్‌ (సామూహిక జీవన గ్రామం)లో 1983లో పుట్టిన మేట్రానిక్స్ సంస్థ ‘డాల్ఫిన్’ రోబోల వంటి వాటిపై తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది: గోడెక్కడం లేదని. అనుమానం నేరుగా మోటారు మీదికి పోతుంది, పాపం! ముందు చూడాల్సింది ఫిల్టర్‌ని. లోపలి పంపు కిందినుంచి నీటిని పీల్చి పైనుంచి చిమ్ముతుంది. ఆ ఒత్తిడే యంత్రాన్ని గోడకు అదిమి ఉంచుతుంది. ఫిల్టర్‌లో సన్నమట్టి పేరుకుంటే ఆ పట్టు సడలుతుంది. ఫిల్టర్ శుభ్రంగానే ఉంటే గోడను చేత్తో తడిమి చూడాలి. కంటికి ఆనని నాచు జిగురు చాలు, రోబో జారిపోవడానికి. అరిగిన బ్రష్షులదీ అదే తంతు.

మునగకుండా తేలుతోందా? లోపల గాలి చిక్కుకుంది. నీళ్లలో అటూ ఇటూ ఒరిగిస్తే బుడగలు పోతాయి.

కేబుల్ మెలికలు పడితే రోబో కొన్ని మూలలకు చేరనే చేరదు. దాన్ని విప్పి, ఎండలో తిన్నగా పరిచి ఉంచితే మెలికలు చాలావరకు సడలుతాయి. కరెంటు పెట్టెకు మాత్రం నీడే కావాలి, నీటికి కనీసం 3 మీటర్ల దూరమూ కావాలి. ఇంటి కరెంటును చాలా మోడళ్లలో 30 వోల్టుల లోపుకు దించేది అదే. అయినా రోబో తిరుగుతుండగా ఎవరూ కొలనులోకి దిగకూడదు.

కొలనులో క్లోరిన్ మోతాదు బాగా పెంచిన రోజున రోబోను బయటే ఉంచాలి. ఆ ఘాటుకు రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు త్వరగా పాడవుతాయి.