కొండెక్కే ముందు బూటు చూడండి!

పర్లాకిమిడి: మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. శివరాత్రికో, సెలవులకో ఎక్కేవాళ్లకు రాళ్ల దారిలో సోలు ఊడితే అతికేవారు దొరకరు. దిగేటప్పుడు కాలు జారితే బెణుకు తప్పదు.

అందుకే అటక మీది పాత బూట్లు దించగానే సోలును బొటనవేలితో నొక్కి చూడండి. చాలా బూట్లలో సోలుపైన ఉండే మెత్తటి పొర పాలీయూరిథేన్. వాడకుండా దాచినా గాలిలో తేమకే అది చివికిపోతుంది. పొడిగా రాలుతుంటే ఏ జిగురూ నిలవదు. సోలు మార్పించాల్సిందే.

పొర గట్టిగా ఉండి, అంచు మాత్రమే విడిస్తే అతకొచ్చు. మట్టి, పాత జిగురు గీకేసి, ఉప్పు కాగితంతో రుద్ది ఆరనివ్వాలి. చెప్పులు కుట్టేవారు వాడే రబ్బరు జిగురు రెండువైపులా పల్చగా పూయాలి. వెంటనే అంటించేయకూడదు. 10-15 నిమిషాలు ఆగి, వేలికి అంటకుండా ఆరాకే బలంగా నొక్కాలి. తాడుతో బిగించి 24 గంటలు వదిలేయాలి. ఈ జిగురు ఆవిరికి నిప్పంటుకుంటుంది. పొయ్యికి దూరంగా, గాలి ఆడేచోట పనిచేయాలి.

క్షణంలో పట్టేసే చుక్కల జిగురు ఇక్కడ పనికిరాదు. అది ఆరితే బిరుసెక్కి, నడకలో సోలు వంగినప్పుడల్లా పగులుతుంది.

అతికాక రెండు రోజులు ఊళ్లోనే నడిచి చూడండి. ఊడేదుంటే ఇంటి దగ్గరే ఊడుతుంది!