ఇంగ్లీషువాళ్ల పెళ్లి మాటల్లో పిట్టకథలు

ప్రేమించిన పిల్ల మనసు మార్చుకుందని కబురు మోసుకొచ్చే ఉత్తరానికి ఇంగ్లీషులో ‘డియర్ జాన్ లెటర్’ అని పేరు. రెండో ప్రపంచయుద్ధంలో సముద్రాలు దాటి వెళ్లిన అమెరికా సైనికుల నోట నలిగిన మాట ఇది. ‘డార్లింగ్’ అని మొదలవ్వాల్సిన ఉత్తరం పొడిగా ‘డియర్ జాన్’ అని మొదలైందంటే తక్కింది చదవనక్కర్లేదు. జాన్ ఫలానా మనిషేం కాదు, మన సుబ్బారావు లాంటి పేరు. కొరియా యుద్ధం ఆగిన 1953లో జీన్ షెపర్డ్, ఫెర్లిన్ హస్కీ ఇదే పేరుతో పాడిన పాట అమెరికాలో మారుమోగింది. అందులో ఆ పిల్ల చేసుకున్నది ఎవర్నో కాదు, ఆ సైనికుడి తోడబుట్టినవాణ్ణే!

తెలుగులో మాజీ అంటే మంత్రో ఎమ్మెల్యేనో గుర్తొస్తారు. పాత ప్రేమికుణ్ణి మాజీ అంటే పాపం పదవి పోయినట్టుంటుంది. అందుకే కాబోలు మన కుర్రకారు కూడా ‘ఎక్స్’ అనే అంటారు. విడిపోయాక కూడా మనసు చంపుకోలేనివాళ్లను ఇంగ్లీషులో ‘టార్చ్ పట్టుకు తిరుగుతున్నారు’ అంటారు. ఇది 1920ల అమెరికా మాట. క్లబ్బుల్లో విరహం ఒలకబోసే పాటలను ‘టార్చ్ సాంగ్స్’ అన్నదీ ఆ రోజుల్లోనే. ఇంగ్లీషు సాహిత్యంలో ఈ బాపతుకు మహారాణి మిస్ హావిషామ్. డికెన్స్ నవల ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’లో పెళ్లిరోజున వరుడు రానని ఉత్తరం పంపితే, ఇంట్లో గడియారాలన్నీ తొమ్మిదికి ఇరవై నిమిషాల దగ్గర ఆపేసి, పెళ్లిబట్టలు విప్పకుండానే ముసలిదైపోతుంది. మనకు ఆ లోటు దేవదాసు తీర్చాడు. పుట్టింది శరత్‌బాబు బెంగాలీ నవలలో అయినా, 1953లో అక్కినేని వేశాక ఆ పేరు తెలుగులో భగ్నప్రేమికులందరికీ బిరుదైపోయింది.

ఇంగ్లీషువాళ్లు అందరూ హావిషామ్‌లా కూర్చోలేదు. చాలామంది కోర్టుకెక్కారు. పెళ్లాడతానని మాటిచ్చి తప్పితే ‘బ్రీచ్ ఆఫ్ ప్రామిస్’ కింద దావా వేసి నష్టపరిహారం రాబట్టుకునే వీలుండేది. ఎవరైనా వెయ్యొచ్చు గానీ, వేసింది ఎక్కువగా ఆడవాళ్లే. డికెన్స్ తొలి నవల ‘పిక్‌విక్ పేపర్స్’లో దీనిమీద పెద్ద ప్రహసనమే ఉంది. పనివాణ్ణి పెట్టుకునే సంగతి పిక్‌విక్ నసుగుతూ చెబితే, అద్దె ఇంటావిడ మిసెస్ బార్డెల్ అది పెళ్లి ప్రస్తావన అనుకుంటుంది. కోర్టులో ప్రేమలేఖగా చూపించిన సాక్ష్యం ఏమిటనుకున్నారు? మాంసం ముక్కలు, టమాటా సాస్ కావాలని రాసిన చీటీ. జ్యూరీ 750 పౌండ్లు కట్టమంటే, కట్టనని భీష్మించి పిక్‌విక్ జైలుకు వెళ్తాడు. 1875లో గిల్బర్ట్, సలివన్ ఇలాంటి దావానే ‘ట్రయల్ బై జ్యూరీ’ అని సంగీతనాటకం చేశారు. అందులో జడ్జిగారు విసుగెత్తి తానే వాదిని పెళ్లాడేస్తాడు.

ఇంగ్లండులో ఈ దావాలకు 1970 నాటి చట్టం మంగళం పాడింది. పనిలోపనిగా నిశ్చితార్థపు ఉంగరం తగాదా కూడా తేల్చింది: ఫలానా షరతు మీద ఇచ్చానని రుజువు చేస్తే తప్ప అది బహుమతే, తిరిగివ్వక్కర్లేదు. పెళ్లి తప్పిపోతే పెట్టిపోతల లెక్కలు తీసే పెద్దమనుషులు మనకూ ఉన్నారు, వాళ్లు ఇది చదివితే నోరెళ్లబెడతారు.

లేచిపోయినవాళ్ల ఊరు గ్రెట్నా గ్రీన్. ఇరవయ్యొకటి నిండనివాళ్లకు పెద్దల ఒప్పుదల తప్పదని ఇంగ్లండు 1753లో చట్టం చేసింది. స్కాట్లండుకు అది వర్తించలేదు. సరిహద్దు దాటగానే తగిలే ఈ పల్లెలో ఇద్దరు సాక్షుల ఎదుట ‘సరే’ అంటే పెళ్లి అయిపోయేది. అక్కడ కమ్మరి దాగలే పెళ్లిపీట అని పేరుపడింది. వెనకాల తండ్రి గుర్రబ్బండిలో తరుముకొస్తుంటే ముహూర్తం చూసే తీరికెక్కడిది! ఇద్దరిలో ఒకరైనా స్కాట్లండులో 21 రోజులు ఉండి తీరాలని 1856లో చట్టం వచ్చాక ఆ జోరు తగ్గింది. జేన్ ఆస్టెన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో లిడియా లేచిపోతూ, వెళ్తున్నానని చీటీలో రాసిపెట్టిన ఊరు ఇదే.

మన దేశానికి నేరుగా చుట్టరికమున్న మాట ‘ఫిషింగ్ ఫ్లీట్’. ఇక్కడ కొలువు చేసే తెల్లదొరల్లో మొగుళ్లను వెతుక్కుంటూ ఓడలెక్కి వచ్చిన ఇంగ్లీషు కన్యలకు పెట్టిన ఎగతాళి పేరు. సంబంధం కుదరక తిరిగి వెళ్లినవాళ్లను ‘రిటర్న్‌డ్ ఎంప్టీస్’ అనేవారు, అంటే వాపసు పోయిన ఖాళీ సీసాలు. ఎంత కర్కోటకపు మాటో! ‘గ్రాస్ విడో’ది ఇంకో కథ. పదహారో శతాబ్దంలో అది మగవాడు వదిలేసిన ప్రియురాలి మీద వేసే నింద. దొరల ఇండియాలో మాత్రం ఎండలకు మొగుణ్ణి మైదానంలో వదిలి కొండలెక్కిన దొరసానికి అతికింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ కొండ ఊటీ.

మన ఊళ్లలో వీధికో బోర్డు ఉంటుంది, ‘బ్రైడల్ మేకప్’ అని. బ్రైడల్ అంటే మొదట్లో అలంకారం కాదు, ఏల్ అనే బీరు పోసే పెళ్లివిందు!

‘సెవెన్ ఇయర్ ఇచ్’ అసలు ఓ పట్టాన వదలని గజ్జి. జార్జ్ యాక్సెల్‌రాడ్ 1952లో నాటకానికి ఆ పేరు పెట్టాడు. 1955లో మార్లిన్ మన్రోతో సినిమా వచ్చాక అది ఏడేళ్ల సంసారం మీద పుట్టే మొహంమొత్తుడుకు అంటుకుపోయింది.

ఎప్పుడూ తోడుపెళ్లికూతురే, తానెన్నడూ పెళ్లికూతురు కాదు అనే సామెతను అమెరికాలో ఇంటింటికీ చేర్చింది 1920లలో నోరు పుక్కిలించే మందు లిస్టరిన్ ప్రకటనలు. నోటి దుర్వాసన వల్లే సంబంధాలు తప్పిపోతున్నాయని ఆడపిల్లల్ని బెదరగొట్టి మందు అమ్ముకున్నారు.

ఇక 2014 మార్చిలో నటి గ్వినెత్ పాల్త్రో, గాయకుడు క్రిస్ మార్టిన్ విడిపోతూ వాడిన మాట ‘కాన్షస్ అన్‌కప్లింగ్’. కప్లింగ్ ఊడదీయడం కాజీపేట జంక్షన్లో రైల్వేవాళ్ల పని అనుకునే మనలాంటివాళ్లకు ఇది కాస్త వింతే. మాటను పుట్టించింది క్యాథరిన్ వుడ్‌వర్డ్ థామస్ అనే కౌన్సెలర్. మరుసటి ఏడాది దాని పేరనే పుస్తకం కూడా వేసింది, అయిదు మెట్లలో సామరస్యంగా విడిపోవచ్చునని. కలవడానికి మనకు ఏడడుగులు కావాలి, విడిపోవడానికి ఆవిడకు అయిదు చాలు.