బొగ్గు బాయి పక్క ఊరు: అపోహలు – వాస్తవాలు

గోదావరిఖని చుట్టుపక్కల పల్లెల్లో ఏ కష్టమొచ్చినా జనానికి ముందు గుర్తొచ్చేది సర్కారీ బొగ్గు కంపెనీ సింగరేణి జనరల్ మేనేజర్ (జీఎం) ఆఫీసు. మండలాఫీసు ఆ తర్వాతే. బోరు ఎండినా, రోడ్డు చెడినా, పిల్లగానికి పని కావాలన్నా చూపు కంపెనీ దిక్కే. 1960ల్లో ఇక్కడ బొగ్గు బాయిలు (గనులు) పడ్డప్పటి నుంచీ సర్కారు ఈ జనానికి యజమానిగానే ఎక్కువ కనబడింది మరి. అందుకే ఏది కంపెనీ దయ, ఏది చట్టమిచ్చిన హక్కు అన్న తేడా మరుగున పడి, కొన్ని అపోహలు పాతుకుపోయాయి.

అపోహ 1: సింగరేణి కోల్ ఇండియాలో భాగం. ఇందిరాగాంధీ హయాంలో జాతీయం చేశారు.

వాస్తవం: సింగరేణి ఏనాడూ కోల్ ఇండియాలో భాగం కాదు. 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు జాడ పట్టింది జియాలజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్. 1886లో ఇంగ్లండులో ఏర్పడ్డ హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు దక్కించుకుని 1889 నుంచి బొగ్గు తీసింది. సింగరేణి కాలరీస్ అన్న పేరు 1920లో వచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొనేసింది. అంటే 1971–73 నాటి బొగ్గు గనుల జాతీయీకరణకు పాతికేళ్ల ముందే ఇది సర్కారీ కంపెనీ అయింది. 1960లో కేంద్రం కూడా భాగస్వామిగా చేరింది. ఇప్పుడు రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. కాబట్టి బాధ్యత కూడా ఇద్దరిదీ. మీదంటే మీదని తప్పించుకునే వీలు ఎవరికీ లేదు.

అపోహ 2: సర్కారు నడిపితే నష్టమే.

వాస్తవం: 1990ల్లో నష్టాలు ముదిరి సింగరేణి ఖాయిలా పరిశ్రమల బోర్డు (బీఐఎఫ్ఆర్) గడప తొక్కిన మాట నిజమే. కానీ ఆ దశాబ్దం చివరికే తేరుకుని లాభాల బాట పట్టింది, కార్మికులకు ఏటా లాభాల్లో వాటా పంచుతోంది. గోదావరిఖని పక్కన రామగుండంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. 1980లో మొదలైన ఫెర్టిలైజర్ కార్పొరేషన్ (ఎఫ్‌సీఐ) ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. మళ్లీ ప్రధానంగా ప్రభుత్వ రంగ సంస్థలే కలిసి ఆర్ఎఫ్‌సీఎల్ పేరుతో గ్యాస్ ఆధారిత యూరియా ప్లాంటు కట్టి 2021లో ఉత్పత్తి మొదలుపెట్టాయి. సర్కారీదైనంత మాత్రాన కంపెనీ మునగదు, తేలదు. పెట్టుబడి, సాంకేతికత, అజమాయిషీ చూడాలి.

అపోహ 3: బాయి పడితే ఊరంతటికీ కొలువులొస్తాయి.

వాస్తవం: అది తట్టా చెమ్మస్‌తో చేత్తో బొగ్గెత్తిన కాలం నాటి ముచ్చట. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు పర్మినెంటు వాళ్లు 40 వేలకు అటూ ఇటూ. బొగ్గు ఉత్పత్తి మాత్రం మూడు రెట్లు దాటి 2023–24లో 7 కోట్ల టన్నులకు చేరింది. కారణం ఓపెన్‌కాస్టులు, అంటే పైనుంచి తవ్వే గనులు. భూగర్భ గనిలో మనిషి చేసే పనిని అక్కడ షావెల్, డంపర్ చేస్తాయి. పైమట్టి తీసే పనిలో చాలా భాగం కాంట్రాక్టర్లది. భూమి కోల్పోయిన రైతు కొడుక్కి ఎక్కువగా దొరికేది అక్కడ కాంట్రాక్టు పనే. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేశాక కారుణ్య నియామకాలే మిగిలాయి. అవి కార్మిక కుటుంబాలకే గానీ ఊళ్లకు కావు.

అపోహ 4: పట్టా ఉన్నవాళ్లకే పరిహారం. కౌలుదారుకూ కూలికీ ఏమీ రాదు.

వాస్తవం: 1894 నాటి బ్రిటిష్ చట్టం ప్రధానంగా పట్టాదారునే చూసింది. 2014 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చిన 2013 భూసేకరణ చట్టం అలా కాదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీదే ప్రధానంగా ఆధారపడి బతికిన కౌలుదారు, వ్యవసాయ కూలి, చేతిపనివాడు కూడా ‘బాధిత కుటుంబం’ కిందికే వస్తారు. ప్రాజెక్టులో ఉద్యోగాలుంటే ఇంటికొకటి, లేదా 5 లక్షల రూపాయలు, లేదా 20 ఏళ్లపాటు నెలకు 2 వేలకు తగ్గకుండా... ఇలాంటి పునరావాసాన్ని ఆ చట్టం రెండో షెడ్యూల్లో రాసింది. అయితే తెలంగాణ తర్వాత చేసిన సవరణ, కొన్ని రకాల ప్రాజెక్టుల్లో పునరావాసం బదులు ఏకమొత్తం ఇచ్చే వీలు కల్పించింది. నోటీసు చేతికి రాగానే అది ఏ చట్టం, ఏ సెక్షన్ కింద వచ్చిందో చూసుకోవాలి. కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దు.

అపోహ 5: ఊళ్లకు కంపెనీ చేసేదంతా దానం.

వాస్తవం: ఓపెన్‌కాస్టు పక్క ఊళ్లో బ్లాస్టింగ్ సైరన్ మోగిందంటే గోడ మీది పటాలు అదురుతాయి. సున్నం వేసిన నెలకే గోడ మళ్లీ బీట తీస్తుంది. అలాంటి ఊరికి రావలసింది దానం కాదు, లెక్క ప్రకారం బాకీ. ఎలాగంటే, వంద రూపాయల బొగ్గు మీద 14 రూపాయల రాయల్టీ రాష్ట్ర ఖజానాకు పోతుంది. 2015లో సవరించిన గనుల చట్టం ప్రకారం, ఆ ఏడాది జనవరి 12కు ముందు నాటి లీజుల మీద రాయల్టీలో 30 శాతం, అంటే ఇంకో 4 రూపాయల 20 పైసలు, జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టుకు కట్టాలి. ఆ సొమ్ము గని బాధిత ప్రాంతాలది. అందులో ఎక్కువ భాగం తాగునీరు, వైద్యం, చదువు, కాలుష్య నివారణ వంటి వాటికే వాడాలి. బాధిత గ్రామాల జాబితా, పనుల వివరాలు ట్రస్టు బహిరంగంగా పెట్టాలి. ఇది కాక 2013 కంపెనీల చట్టం కింద, గడచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి.

అపోహ 6: కంపెనీ ఉండగా పంచాయతీతో పనేముంది?

వాస్తవం: సింగరేణి క్వార్టర్లూ ఏరియా ఆస్పత్రీ ముందుగా కార్మికుల కోసం కట్టినవి. కాలనీ నల్లా నీళ్లు పక్క ఊరికి రావాలన్న నియమమేదీ లేదు. తాగునీరు, రోడ్లు, పారిశుద్ధ్యం సహా 29 అంశాలను పంచాయతీలకు బదలాయించదగినవిగా రాజ్యాంగం పదకొండో షెడ్యూల్ చెబుతోంది. గని ఏదో ఒకనాటికి ఒడుస్తుంది, కంపెనీ ఇంకో బ్లాకుకు పోతుంది. ఊరూ పంచాయతీ ఇక్కడే ఉంటాయి.

అందుకే జీఎం ఆఫీసు ముందు ధర్నా చేసేవాళ్లు మరో పని కూడా చేయాలి. ఖనిజ ట్రస్టులో మన ఊరి పేరుందా, ఈ ఏడాది మన పేరున ఎంత ఖర్చయింది అని గ్రామసభలో అడగాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలి. దయ చూపమని బతిమాలడం మాని, రావలసింది లెక్కగట్టి అడగండి.