‘ఓ, హాయ్!’: తాము జంట కాదన్న ప్రేమికుడిని బంధించిన యువతి కథ ఏం చెబుతోంది?

న్యూయార్క్ నగరానికి దూరంగా ఒక పల్లె. అక్కడ అద్దెకు తీసుకున్న ఇంట్లో వారాంతం గడిపేందుకు ఐరిస్, ఐజాక్ అనే యువతీ యువకులు వస్తారు. వారి పరిచయానికి సుమారు నాలుగు నెలలు. ఇద్దరూ కలిసి చేస్తున్న తొలి ప్రయాణం అది. ఆ ఇంటి అల్మారాలో వారికి బేడీలు కనిపిస్తాయి. ఇద్దరి ఇష్టంతోనే అవి ఆ రాత్రి సరసానికి ఉపయోగపడతాయి. ఐజాక్ ఇంకా మంచానికి బంధించి ఉండగానే, జంటగా తమ మొదటి ప్రయాణం ఎంతో బాగుందని ఐరిస్ మురిసిపోతుంది. తాము జంట కాదని, తనకు అలాంటి ఆలోచనే లేదని అతను బదులిస్తాడు.

ఐరిస్ బేడీలు విప్పదు.

2025 జనవరిలో అమెరికాలోని సన్‌డాన్స్ చలనచిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శితమై, అదే ఏడాది జులైలో అక్కడి థియేటర్లలో విడుదలైన ‘ఓ, హాయ్!’ చిత్ర కథకు ఇదే మలుపు. సోఫీ బ్రూక్స్ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో ఐరిస్‌గా మోలీ గోర్డన్, ఐజాక్‌గా లోగన్ లెర్మన్ నటించారు. ఐరిస్ స్నేహితురాలు మ్యాక్స్ పాత్రను భారతీయ మూలాలున్న ఆస్ట్రేలియా నటి జెరాల్డీన్ విశ్వనాథన్ పోషించారు.

పన్నెండు గంటల సమయం దొరికితే, తాను తగిన భాగస్వామినేనని అతనికి నచ్చజెప్పగలనని ఐరిస్ నమ్ముతుంది. అలా ప్రేమకథగా మొదలైన సినిమా బందీ కథగా మారుతుంది. అయినా ప్రేక్షకులు నవ్వుతూనే ఉంటారు. ఒక మనిషిని అతని ఇష్టానికి వ్యతిరేకంగా బంధించిన కథలో నవ్వు ఎక్కడి నుంచి వస్తోంది?

ఒకే ప్రయాణం, రెండు అర్థాలు

ఈ కథలో ఎవరూ ఎవరికీ మాట ఇవ్వలేదు. ఐజాక్ పెళ్లి ప్రస్తావన తేలేదు, ఐరిస్ అడగనూ లేదు. కానీ అతను ఆప్యాయంగా మాట్లాడాడు, ఆమెతో కలిసి దూరప్రయాణానికి వచ్చాడు. ఇవన్నీ ప్రేమకు గుర్తులని ఆమె భావించింది. అవి ఆ పూటకు ఇచ్చిన ఆనందం మాత్రమేనని అతను అనుకున్నాడు.

ఇలా ప్రేమకూ స్నేహానికీ మధ్య పేరు లేకుండా సాగే బంధాన్ని నేటి యువత ‘సిట్యువేషన్‌షిప్’ అంటోంది. 2023లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ప్రచురణకర్తలు ఆ ఏటి మేటి పదం కోసం పరిశీలించిన జాబితాలో ఈ మాట కూడా ఉంది. పేరు లేని బంధంలో బాధ్యతలకూ స్పష్టత ఉండదు. ఎవరైనా తప్పుకున్నప్పుడు రెండో వ్యక్తికి గాయమైతే, ఆ బాధను చెప్పుకోవడానికి కూడా తగిన మాట దొరకదు. విడాకులు కావు, నిశ్చితార్థం రద్దు కావడమూ కాదు. ‘అసలు మీ మధ్య ఏముంది?’ అన్న ప్రశ్నే ఎదురవుతుంది.

ఐరిస్ కోపంలో ప్రేక్షకులు తమ అనుభవాన్ని చూసుకునేది ఇక్కడే. ఆమె చేసిన పనిని ఎవరూ సమర్థించరు. ఆమెను ఆ పనికి పురికొల్పిన అవమానం మాత్రం చాలామందికి తెలిసినదే. తెలిసిన బాధ, ఊహించలేని చర్య. ఈ రెండింటి మధ్య దూరమే డార్క్ కామెడీకి ముడిసరుకు.

బందీ స్త్రీ అయితే?

పాత్రలు తారుమారైతే ఇదే నవ్వు నిలుస్తుందా అన్న ప్రశ్న సహజం. దీనికి సినిమా చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. స్పెయిన్ దర్శకుడు పెడ్రో అల్మొదోవర్ 1990లో తీసిన ‘టై మీ అప్! టై మీ డౌన్!’లో ఒక యువకుడు సినీనటిని ఆమె ఇంట్లోనే బంధించి, తనను ప్రేమించమంటాడు. అదీ హాస్యం కలిసిన కథే. అమెరికాలో ఆ చిత్రానికి ఇచ్చిన ‘ఎక్స్’ రేటింగ్‌పై వివాదం కోర్టుకు చేరింది. అదే ఏడాది పెద్దలకు మాత్రమే ఉద్దేశించిన చిత్రాల కోసం ‘ఎన్‌సీ-17’ అనే కొత్త రేటింగ్ రావడానికి దారితీసిన చిత్రాల్లో అదొకటి.

తిరస్కారం పొందిన స్త్రీని పాత హాలీవుడ్ చిత్రాలు తరచూ రాక్షసిగానే చూపాయి. 1987 నాటి ‘ఫేటల్ అట్రాక్షన్’కు మొదట తీసిన ముగింపులో ఆ స్త్రీ ఆత్మహత్య చేసుకుంటుంది. ముందస్తు ప్రదర్శనల్లో ప్రేక్షకులు దానికి తృప్తి పడకపోవడంతో, భార్య చేతిలో ఆమె హతమయ్యేలా ముగింపును మళ్లీ చిత్రీకరించారు. ‘ఓ, హాయ్!’ ఆ దారిలో నడవలేదు. ఐరిస్‌ను రాక్షసిగానో, ఐజాక్‌ను దుర్మార్గుడిగానో తేల్చి చేతులు దులుపుకోదు.

మన దేశంలో ఈ తరహాకు దగ్గరగా వచ్చిన చిత్రం 2022 నాటి హిందీ ‘డార్లింగ్స్’. జస్మీత్ కె. రీన్ దర్శకత్వంలో ఆలియా భట్, షెఫాలీ షా, విజయ్ వర్మ నటించారు. ముంబయిలోని బైకుల్లా ప్రాంతంలో భర్త చేతిలో దెబ్బలు తిన్న భార్య, తల్లి సాయంతో అతన్ని ఇంట్లోనే బంధిస్తుంది. అయితే ఒక తేడా ముఖ్యం. అక్కడ భార్య ఎదుర్కొన్నది హింస. ఇక్కడ ఐరిస్ ఎదుర్కొన్నది ‘వద్దు’ అన్న ఒక్క మాట. హింసకు ప్రతీకారంగా చూసినప్పుడు కలిగే సానుభూతిని తిరస్కారానికి ప్రతీకారం విషయంలో యథాతథంగా వర్తింపజేయలేం.

చట్టం ఏమంటోంది?

ఇలాంటి పరిస్థితి మన దేశంలో ఎదురైతే? 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 69వ సెక్షన్ ప్రకారం, నెరవేర్చే ఉద్దేశం లేకుండానే పెళ్లి చేసుకుంటానని మాట ఇచ్చి స్త్రీతో లైంగిక సంబంధం పెట్టుకోవడం నేరం. దీనికి 10 ఏళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చు.

అయితే మాట నిలబెట్టుకోలేకపోవడం వేరు, మొదటి నుంచీ మోసపు ఉద్దేశంతోనే మాట ఇవ్వడం వేరు. 2019లో ప్రమోద్ సూర్యభాన్ పవార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టం చేసింది. ఇక పెళ్లి మాటే లేని, మోసమూ లేని బంధం నుంచి ఒకరు తప్పుకుంటే అది నేరం కాదు.

ఒక వ్యక్తిని అక్రమంగా నిర్బంధించడం మాత్రం కారణం ఏదైనా నేరమే. సంహితలోని 127వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నిర్బంధం మూడు రోజులు, అంతకు మించి సాగితే జైలుశిక్ష మూడేళ్ల వరకు పెరుగుతుంది. నిర్బంధితుడు పురుషుడా, స్త్రీయా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. మొదట ఇష్టంతో చేతులు అందించినా, విప్పమని అడిగిన క్షణం నుంచి ఆ ఇష్టం లేనట్లే.

అంటే మనసుకైన గాయానికి చట్టంలో చికిత్స లేదు. దానికి సొంతంగా శిక్ష వేయబోయిన వారికి మాత్రం శిక్ష ఉంది.

సత్యభామ నేర్చుకున్న పాఠం

ప్రేమించినవాడు తనకే సొంతం కావాలన్న పంతం తెలుగువారికి కొత్త కథేమీ కాదు. రంగస్థలంపై స్థానం నరసింహారావు, 1966 నాటి ‘శ్రీకృష్ణ తులాభారం’ చిత్రంలో జమున మెప్పించిన సత్యభామను తలచుకుంటే చాలు. కృష్ణుడు తనకే దక్కాలని వ్రతం పట్టి, నారదుడి మాట నమ్మి ఆయననే దానం చేస్తుంది. తిరిగి పొందడానికి తన బంగారమంతా తక్కెడలో పోసినా సరితూగదు. రుక్మిణి ఉంచిన ఒక్క తులసిదళానికి తక్కెడ మొగ్గుతుంది.

ఆ కథ కూడా నవ్విస్తూనే సాగుతుంది. సత్యభామను ఎవరూ ద్వేషించరు, ఆమె పంతాన్ని ఎవరూ మెచ్చుకోరు. ఐరిస్‌దీ అదే స్థితి. ఆమె చేతిలో బేడీల తాళం ఉంది, ఆమె కోరుకున్నది మాత్రం తాళంతో తెరుచుకునేది కాదు.

ఐజాక్‌కూ ఇందులో ఒక పాఠం ఉంది. పేరు పెట్టని బంధంలోనూ ఎదుటివారి ఆశ పెరుగుతూనే ఉంటుంది. అది పెరుగుతోందని తెలిసీ మౌనంగా ఉండటం నేరం కాకపోవచ్చు, నిజాయతీ మాత్రం కాదు. ‘మనం ఎక్కడున్నాం?’ అని ఆమె నాలుగు నెలల ముందే అడిగి ఉంటే, లేదా అతను ముందే చెప్పి ఉంటే, ఒక సాయంత్రం కన్నీళ్లతో ముగిసే విషయమది.