గోడ మూసే ముందు

ఒక ఊళ్లో ఒక అత్తా, కోడలూ ఉన్నారు. వాళ్ల స్నానాల గదిలో గోడ లోపలి పైపు కారింది. ప్లంబరు వచ్చి నాలుగు టైల్సు పగలగొట్టాడు. పైపు అతికించాడు. ఆ సాయంత్రమే మేస్త్రి గోడ మూసేశాడు. పని అయిపోయింది అనుకున్నారు ఇద్దరూ.

నెల తిరక్కుండానే పక్క గది గోడకు చెమ్మ పట్టింది. సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. గోడ పక్కన పెట్టిన బియ్యం బస్తాకు బూజు పట్టింది. లోపల అతుకు దగ్గర పైపు ఇంకా కారుతూనే ఉంది!

మళ్లీ గోడ పగలగొట్టాలి. మళ్లీ సిమెంటు, మళ్లీ కూలి. చీటీ డబ్బు కాస్తా దీనికే పోయింది.

రెండోసారి కోడలు తొందరపడనివ్వలేదు.

"మేస్త్రీ, ఇవాళ గోడ మూయొద్దు. పైపు కారుతుందో లేదో ముందు చూద్దాం" అంది.

"నా కూలి పోతుంది కదమ్మా" అన్నాడు మేస్త్రి.

"నీ కూలి ఎందుకు పోతుంది? ఇవాళ పెరటి గోడ పని చూడు నాయనా" అంది అత్త.

కోడలు చెప్పింది సరైన మాట. గోడ మూశాక పైపు కంటికి కనబడదు. చూడవలసింది ముందే చూసుకోవాలి.

పైపును ఎలా చూడాలి?

ప్లాస్టిక్ పైపును జిగురుతో అతికిస్తారు. ఆ జిగురు ఆరే దాకా నీళ్లు వదలకూడదు. ఎంతసేపు ఆరాలో జిగురు డబ్బా మీద రాసి ఉంటుంది. చదవండి. ఆరాక కుళాయి కట్టేసి, పైపులోకి నీళ్లు వదలాలి. అతుకు చుట్టూ పొడి కాగితం చుట్టాలి. రాత్రంతా అలాగే ఉంచాలి. తెల్లారి కాగితం పొడిగా ఉంటే అతుకు గట్టిగా ఉన్నట్టే. తడిస్తే ప్లంబరును మళ్లీ పిలవాలి.

సిమెంటు కొనేటప్పుడు ఏం చూడాలి?

సంచి మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలి. సిమెంటు ఏ వారంలో, ఏ సంవత్సరంలో సంచికి ఎత్తారో కూడా అచ్చు వేసి ఉంటుంది. 3 నెలలు దాటితే సిమెంటు బలం తగ్గుతుంది. గడ్డ కట్టిన సిమెంటు అసలే పనికిరాదు. చిన్న పనికి 50 కిలోల బస్తా అక్కర్లేదు. విడిగా కొంటే, అది ఏ బస్తాలోదో చూపించమని అడగండి.

గోడ ఎలా మూయాలి?

ముందు ఆ గోడలో కరెంటు తీగలు ఉంటే మెయిన్ ఆపాలి. వదులుగా ఉన్న పాత సిమెంటును ఉలితో తీసేయాలి. దుమ్ము దులిపి గోడ తడపాలి. పొడి గోడ మాలులోని నీటిని పీల్చేస్తుంది. అప్పుడు మాలు గోడను పట్టుకోదు.

ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు జల్లించిన ఇసుక కలపాలి. ఒక డబ్బా కొలతగా పెట్టుకుంటే పాళ్లు తప్పవు. నీళ్లు పోసిన మాలును అరగంటలో వాడేయాలి. బిగుసుకున్న మాలులో మళ్లీ నీళ్లు పోసి వాడితే బలం ఉండదు. గుంట లోతుగా ఉంటే ఒకేసారి నింపకూడదు. రెండు మూడు పూతలుగా నింపాలి. టైలు మందానికి చోటు వదలాలి. తరువాత వారం రోజులు పూటపూటా తడుపుతూ ఉండాలి.

టైల్సు ఎలా అతికించాలి?

మామూలు పింగాణీ టైల్సును ముందు నీళ్లలో వేయాలి. బుడగలు రావడం ఆగాక తీసి, తడి తుడవాలి. వెనక సిమెంటు పాలు పూసి గోడకు అద్దాలి. పాత టైల్సుతో మట్టం సరిచూడాలి. మర్నాడు సందుల్లో తెల్ల సిమెంటు నింపాలి. కుళాయి చుట్టూ ఉన్న సందు మరవకూడదు. అక్కడి నుంచే నీళ్లు గోడలోకి దిగుతాయి.

జాగ్రత్త!

టైలు పగలగొట్టేటప్పుడు పెంకులు కంట్లో పడతాయి. కళ్లద్దాలు పెట్టుకోవాలి. పిల్లలను దూరంగా ఉంచాలి. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవాలి. ఒంటికి అంటితే వెంటనే మంచినీళ్లతో కడగాలి. కంట్లో పడితే ఎక్కువసేపు నీళ్లతో కడిగి, డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

ఆ ఇంట్లో ఏమైంది?

మొదటి రాత్రి కాగితం తడిసింది. ప్లంబరు వచ్చి అతుకు మళ్లీ వేశాడు. రెండోసారి చుట్టిన కాగితం తెల్లారేదాకా పొడిగానే ఉంది. అప్పుడే మేస్త్రిని గోడ మూయనిచ్చింది కోడలు. ఒక వర్షాకాలం గడిచింది. పక్క గది గోడ పొడిగానే ఉంది. బియ్యం బస్తా మళ్లీ తన చోటికి వచ్చింది.

చెప్పండి చూద్దాం

1. గోడ మూసే ముందు పైపును ఎలా చూడాలి?
2. సిమెంటు సంచి మీద ఏమేమి చదవాలి?
3. మీ ఇంట్లో ఏ గోడకైనా చెమ్మ ఉందా? ఎక్కడి నుంచి వస్తోంది?